గోడలెక్కిన నిఘంటువు

కదలొద్దు అన్నారు. ఈ నాలుగు నెలల్లో ఆస్పత్రివాళ్లు తనకు చెప్పిన మాటల్లో అతని మనసుకు నచ్చిన మొట్టమొదటి మాట అదే. వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద పలకలాంటిదేదో బిగించి, తెల్లటి గొట్టంలోకి మెల్లగా తోశారు. గొట్టం పైకప్పు ముక్కుకు జానెడు దూరంలో ఉంది. కళ్లజోడు బయట ఉండిపోయింది, బెల్టు బయట ఉండిపోయింది, ఇరవయ్యేళ్లుగా సబ్బు రాసి లాగినా రాని పెళ్లి ఉంగరం ఇవాళ చెయ్యి కిందికి దించగానే దానంతటదే జారి భార్య అరచేతిలో పడింది. ఆవిడ ఉంగరాన్ని చూసింది, అతన్ని చూసింది, గుప్పిట మూసేసింది. చెవులకు తగిలించిన డిప్పల్లోంచి ఒక గొంతు, అద్దం అవతల కూర్చున్న స్కానింగు అమ్మాయిది, "గాలి పీల్చండి సార్... వదలండి... అలాగే ఆపండి" అంది. ఆపాడు. యంత్రం దడదడమని కొట్టుకుంది. అది తన కాలేయంలో ఇంకా ఎంత కొవ్వు ఉందో తేలుస్తోంది. నూటికి పదిలోపు అయితే కాలేయాన్ని కోసి, సగానికి పైగా తీసి, అది పూర్తిగా చెడిపోయిన అక్కకు పెడతారు. పది దాటితే పెట్టరు. పెట్టకపోతే... అక్కడికి వచ్చేసరికి అతని ఆలోచన మొరాయించి పక్కకు తిరిగిపోయేది, ఇప్పుడూ తిరిగిపోయింది, "ఊపిరి తీసుకోండి సార్" అని ఆ అమ్మాయి అంది, లోపలికి వచ్చిన గాలి ఎంత చల్లగా ఉందో అనుకున్నాడు, ఇన్నేళ్లూ ఎన్ని కోట్ల సార్లు పీల్చి ఉంటాడు, ఒక్కసారైనా దీన్ని గమనించాడా?

గమనించలేదు. ఒళ్లంటే అతని దృష్టిలో రెండు కళ్లను మోసుకుతిరిగే సంచీ. కళ్లతోనే బతికాడు. ప్రూఫులు దిద్దడం అతని పని. ముప్ఫై ఏళ్లుగా అదే బల్ల, అదే కుర్చీ, చెవి మీద ఎర్ర పెన్సిలు. ఎవరో రాసిన పుస్తకంలో ఎగిరిపోయిన ఒత్తులు, తప్పిపోయిన దీర్ఘాలు వెతికిపట్టి వాటి ఇళ్లకు చేర్చడం. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి లేచేవాడు, మళ్లీ కూర్చుంటే దీపాలు పెట్టేవేళకు. కుర్చీలో దిండు అతని ఆకారానికి ఎంతగా అలవాటుపడిందంటే, అతను లేచాక కూడా అతనింకా అక్కడే ఉన్నట్టుండేది. "మీరు బయటికెళ్లినా నాకు తెలీదండీ, కుర్చీ చూస్తే ఇంట్లోనే ఉన్నారనిపిస్తుంది" అనేది భార్య. ఆవిడ పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేస్తుంది, రోజంతా మూలిగేవాళ్లను ఓదార్చి వస్తుంది కాబట్టి ఇంట్లో వేళాకోళం తప్ప ఇంకేదీ భరించలేదు. 

ఇక అక్కది బేకరీ. పద్నాలుగేళ్లకు అందులో పిండి పిసకడానికి చేరి, నలభై ఏళ్లు వచ్చేసరికి ఆ బేకరీకి తానే యజమానురాలైంది. అమ్మకు మిల్లులో షిఫ్టులు, నాన్న ఎటుపోయాడో చిరునామా లేదు, తమ్ముడంటే ఆమెకు ఏడేళ్ల వయసులో ఎవరో చేతిలో పెట్టి వెళ్లిన పొట్లం. ఆ పొట్లాన్ని కింద పెట్టకుండా పెంచింది. విరిగిన బన్నులు, అంచు మాడిన కేకులు, కాగితం అడుగున మిగిలిన వెన్న, అన్నీ సంచీలో వేసుకుని సాయంత్రం తెచ్చేది, అతను తింటుంటే మోకాళ్ల మీద గడ్డం ఆనించి చూస్తూ కూర్చునేది. అందుకే ఈ మధ్య, కళ్లు పచ్చబడి, చేతులు పుల్లల్లా అయి, నీరు పట్టిన పొట్టతో మంచంలో పడుకుని కూడా, "నీ ఒంట్లో ఉన్నదంతా నేను పెట్టిందేగా. నువ్వేదో దానమిస్తున్నట్టు ఫోజు కొట్టకు. నా వెన్న నాకు తిరిగి ఇస్తున్నావు, అంతే" అంది. అది రెండోసారి మాట. మొదటిసారి మాట వేరు. మొదటిసారి, బావకు షుగరు అని, మేనకోడలికి గ్రూపు కలవలేదని తేలి, తనది కలిసిందని తెలిసిన రోజు, అతను పరుగులాంటి నడకతో వార్డుకు వెళ్లి చెప్తే, అక్క మొహం గోడవైపు తిప్పేసుకుంది. "నిన్ను కోయించి నేను బతకాలా? నోరు మూసుకుని ఇంటికి పో" అంది. ఆ మర్నాడు స్కానింగు రిపోర్టు వచ్చింది. నూటికి ఇరవై ఆరు. కాలేయం డాక్టరు పొట్టిగా ఉండే మనిషి, మాటలు కూడా పొట్టివే. "ఇది పనికిరాదు. నాలుగు నెలలు టైముంది. తిండి తగ్గించండి, రోజూ ఒళ్లు కదపండి. పదిలోపు తెస్తే చూద్దాం" అంది. అది విని అక్క ఒక్క క్షణం ఆలోచించి, "సరే, నువ్వు ఆ పదిలోపు తెచ్చుకో. అప్పుడు ఒప్పుకుంటా" అంది. మరీ అంత తేలిగ్గా ఎలా దిగివచ్చిందో అతనికి అప్పుడు అర్థం కాలేదు.

"పీల్చండి... వదలండి... ఆపండి." యంత్రం ఈసారి వేరే తాళంలో కొట్టింది, ఠక్ ఠక్ ఠక్ అని, చిన్నప్పుడు బళ్లో డ్రిల్లు మాస్టారు బెత్తంతో బెంచీ మీద కొట్టినట్టు. ఆ మాస్టారే అతనికి బస్తా అని పేరు పెట్టాడు. ఊళ్లో సగంమందికి అతని అసలు పేరు తెలియకపోవడానికి ఆయనే కారణం. పరుగు పందేల రోజున అందరూ చొక్కాలు, చెప్పులు, వాచీలు తెచ్చి అతని ముందు పోసి పరిగెత్తేవాళ్లు, అతను ఆ గుట్టకు కాపలా. అదేం బాధగా ఉండేది కాదు. ఆ నీడలో కూర్చుని ఎవరి చొక్కా జేబులోనో దొరికిన చీటీ చదువుకునేవాడు. బాధపెట్టింది తాడు. వ్యాయామశాల దూలానికి వేలాడే లావుపాటి తాడు, దాన్ని పట్టుకుని పైకి పాకాలి. అతను రెండు చేతులా పట్టుకుని వేలాడాడు, పాదాలు నేల విడవలేదు, మాస్టారు "బస్తాని పైకి లాగాలంటే కప్పీ కావాలర్రా" అన్నాడు, నలభైమంది నవ్వారు, ఆ నవ్వులో తన నవ్వు కూడా కలిపాడు, అది తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అప్పుడు తలుపు దగ్గర పిండి చేతులతో అక్క. ఎందుకొచ్చిందో, బహుశా మరిచిపోయిన మధ్యాహ్నం డబ్బా తెచ్చిందేమో. తిన్నగా నడిచొచ్చి అతని వేళ్లను తాడు మీంచి ఒక్కొక్కటే విడదీసింది. "వీడు నా తమ్ముడు. వీడితో పనుంటే నాతో చెప్పండి" అంది మాస్టారితో. ఇరవయ్యేళ్లు కూడా నిండని పిల్ల. మాస్టారు బెత్తం చంకలో పెట్టుకున్నాడు. ఆ రోజునుంచి అతను ఏ వ్యాయామశాల గడపా తొక్కలేదు, కసరత్తు అనే మాట అచ్చులో కనబడినా అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి గబగబా దాటిపోయేవాడు.

మరి నాలుగు నెలల్లో ఏం చేయాలి? అన్నీ చేశాడు. ఫోనులో ఒకమ్మాయి పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ గెంతేది, ఆమెతోపాటు మూడు గెంతులు గెంతాడు, నాలుగో గెంతుకు కింది ఇంటాయన చీపురు కర్రతో పైకప్పును పొడిచాడు. తాడాట ఆడబోతే తాడు ట్యూబులైటును పట్టుకుని దించేసింది. భార్య పక్కన చాప వేసుకుని ఆసనాలు మొదలుపెట్టాడు, చివర్లో శవంలా పడుకోవాలంటే మాత్రం అద్భుతంగా పడుకున్నాడు, గంటన్నర తర్వాత ఆవిడే లేపింది. వీధిలో నడుద్దామని వెళ్తే మలుపులో మందుల షాపాయన "ఏంటి సార్, స్కూటరు పాడైందా?" అని జాలిగా అడిగాడు, మర్నాడు ఆ దారిన వెళ్లలేకపోయాడు. ఫిజియోథెరపీ కుర్రాడు ఓపిగ్గా, "మీకు ఇష్టమైందే చెయ్యండి అంకుల్, ఇష్టం లేంది పదిరోజులు కూడా సాగదు. అసలు మీకేం ఇష్టం?" అన్నాడు. "కూర్చోవడం" అన్నాడతను నిజాయితీగా. తిండి మాత్రం భార్య చేతిలో ఉంది కాబట్టి తగ్గింది. ఉడకబెట్టిన కూరగాయలు పళ్లెంలో చూసినప్పుడల్లా, ఇది తప్పు అచ్చు, అసలు ప్రతిలో ఇది లేదు అనిపించేది. మూడు వారాలు అలా గడిచాయి. పక్కమీద పడుకుని లెక్కపెట్టుకునేవాడు, మిగిలినవి పదమూడు వారాలు, అక్క చీలమండలు వాచాయట, నిన్న బావను గుర్తుపట్టడానికి కాస్త తడుముకుందట.

ఆ పరిస్థితిలో ఒక రాత్రి పైవాళ్ల ఇంట్లో నీళ్ల పైపు పగిలింది. అతను అప్పుడు దిద్దుతున్నది పెద్ద నిఘంటువు, ఆరేళ్ల పని, ప్రెస్సువాళ్లు ఆ విడత కాగితాలు మర్నాటి సాయంత్రానికల్లా కావాలన్నారు. తెల్లారి లేచి చూస్తే బల్ల మీది కట్ట నానిన రొట్టెలా ఉంది. భార్య చీర కొంగు దోపి, క్లినిక్కుకు సెలవు చెప్పి, ఇల్లంతా తాళ్లు కట్టింది. అరవై నాలుగు కాగితాలు. తాళ్ల మీద క్లిప్పులతో కొన్ని, కిటికీ ఊచలకు కొన్ని, బీరువా తలుపులకు, వంటగదిలో గిన్నెల స్టాండుకు, చోటు చాలక కుర్చీ కాళ్లకూ గోడవారన నేలమీదకూ కొన్ని. ఆరేదాకా ఆగితే రాత్రవుతుంది. ఉన్నచోటే దిద్దక తప్పదు. పెన్సిలు పట్టుకుని మొదలుపెట్టాడు. పై కాగితానికి మునివేళ్ల మీద నిలబడాలి, కింది కాగితానికి గొంతుక్కూర్చోవాలి. అంతవరకే అయితే బతికిపోయేవాడు. కానీ నిఘంటువులో అడుగడుగునా 'చూ.' అని ఉంటుంది, చూడుము అని. ఒక మాటకు అర్థం అక్కడ రాయకుండా ఇంకో మాట దగ్గరికి పొమ్మంటారు, ఆ ఇంకో మాట నిజంగా ఉందో లేదో చూడటం దిద్దేవాడి ధర్మం. బల్ల దగ్గరైతే రెండు కాగితాలు తిప్పితే సరిపోయేది. ఇప్పుడు 'కినుక' పడగ్గదిలో ఉంటే, అది పొమ్మన్న 'కోపము' వంటింట్లో స్టాండు అడుగున ఉంది. 'కుదురు' గుమ్మం పైన, దాని చుట్టం వరండాలో. వెళ్లాడు, వంగాడు, లేచాడు, వచ్చాడు, తాళ్ల కింద దూరాడు, తప్పు దొరికితే సంబరంలో రెండడుగులు వేగంగా వేశాడు, టైము ఎంతైందో తెలియలేదు, ఒళ్లుందన్న సంగతే తెలియలేదు, మాట వెంట మాట, మాట వెంట మాట. చివరి కాగితం దిద్ది గోడకు ఆనుకుంటే చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. "పైపు ఇంకా కారుతోందే" అన్నాడు పైకి చూస్తూ. భార్య దగ్గరికొచ్చి అతని మెడ మీద వేలు పెట్టి చూసి, వింతగా అంది, "నీళ్లు కాదండీ. చెమట."

మర్నాటినుంచి కాగితాలు ఎండినవే గోడలెక్కాయి. భార్య ఎక్కిస్తుంది, ఆవిడకు జాలీ దయా లేవు, బంధువులైన మాటల్ని కావాలనే విడదీసి ఇంటి ఆ కొసనా ఈ కొసనా తగిలిస్తుంది, వారానికోసారి పై కాగితం ఇంకాస్త పైకి, కింది కాగితం ఇంకాస్త కిందికి. కొన్నాళ్లకు మెట్ల గోడ కూడా ఆక్రమించింది. కింది ఇంటాయన చీపురు కర్ర తీయడానికి బదులు పైకొచ్చి, ఒక మాటకు అర్థం అడిగి, చదువుకుంటూ రెండు మెట్లు ఎక్కి, దిగివెళ్లాడు. అతను మాత్రం రోజుకు మూడు గంటలు, తర్వాత నాలుగు గంటలు ఆ మాటల అడవిలో తిరిగేవాడు. ఎన్నోవారమో గుర్తులేదు, ఒకరోజు రెండోసారి దిద్దడానికి వచ్చిన వాటిల్లో నేలకు జానెడెత్తులో ఉన్న కాగితం చదవడానికి గొంతుక్కూర్చుంటే 'కాలేయము' కనిపించింది. అందులో ఏత్వం ఎగిరిపోయి 'కాలయము' అని పడింది. ఎర్రపెన్సిలుతో ఆ ఏత్వం పెట్టాడు. పెట్టి, లేవకుండా అలాగే ఉండిపోయాడు. ఒక గుర్తు దిద్దితే మాట ఎలా బతికివస్తుందో అతనికి తెలుసు, అదే తన వృత్తి, కానీ ఇలా మాటల వెంట తిరుగుతుంటే లోపల, ఆ చీకట్లో, ఎవరూ చూడని చోట, మాంసం తనను తాను దిద్దుకుంటుందా? కోశాక మిగిలిన ముక్క రెండు మూడు నెలల్లో దాదాపు మునుపటంత పెరుగుతుందని డాక్టరు చెప్పింది. మీలోనూ పెరుగుతుంది, ఆవిడలోనూ పెరుగుతుంది అంది, కాఫీ తాగారా అని అడిగినంత మామూలుగా. దానికెవరు చెప్తారు పెరగమని? ఎక్కడ ఆగాలో ఎవరు చెప్తారు? అంత పని చేసే వస్తువు యాభై నాలుగేళ్లు తనలో ఉండి ఒక్కనాడూ నొప్పి అనలేదు, ఆకలి అనలేదు, అతను తిన్న ప్రతి బన్నునూ నోరెత్తకుండా అందుకుని సర్దుకుంది, సర్దలేనిది తన గదుల్లోనే పేర్చుకుంది. గొంతుక్కూర్చున్నవాడు గొంతుక్కూర్చున్నట్టే ఉన్నాడు, మోకాళ్లు నొప్పెట్టడం లేదని ఆ తర్వాతెప్పుడో గమనించాడు.

"సార్, కదిలారు. ఇది మళ్లీ తియ్యాలి." స్కానింగు అమ్మాయి గొంతులో విసుగు లేదు. కదిలిన మాట నిజమే, ఏడుపో నవ్వో తెలియనిదేదో పొట్టలోంచి తన్నుకొచ్చింది. పుట్టిన్నాటినుంచి కదలరా కదలరా అని అందరూ గోలపెడితే కదలని వాణ్ణి, సరిగ్గా కదలకూడని చోట కదిలాను అనుకున్నాడు. "సారీ అమ్మా" అన్నాడు గొట్టంతో. "పర్లేదు సార్. రెండే ఉన్నాయి. బాగా పీల్చండి." పీల్చాడు. వదిలాడు. ఆపాడు. ఈసారి యంత్రం మోత కింద ఇంకో చప్పుడు వినబడింది, మెత్తగా, తొందర లేకుండా, ఆగకుండా. అది తన గుండె. నాలుగు నెలల కిందట రెండు మెట్లెక్కితే గొంతులో కొట్టుకునేది, ఇప్పుడు ఇంటి వెనక దూరంగా ఎవరో నింపాదిగా పిండి కొడుతున్నట్టుంది. బెల్టు మూడు కన్నాలు లోపలికి వచ్చింది. కానీ డాక్టరు దానికేమీ మురిసిపోలేదు, "పైన తగ్గడం వేరు, లోపల కరగడం వేరు, కొందరికి కరగదు" అంది. కరగకపోతే? పదకొండు వస్తే? పదకొండుకూ తొమ్మిదికీ మధ్య రెండంటే రెండు, ప్రూఫులో అయితే రబ్బరుతో చెరిపి మార్చేయవచ్చు. భయం కాళ్ల వేళ్ల దగ్గర మొదలై చల్లగా పైకి పాకింది. పాకి పాకి, ఎక్కడో పక్కటెముకల కింద ఆగింది. అక్కడ మాత్రం భయం లేదు. అక్కడ ఒక పెద్ద నిశ్శబ్దం ఉంది, వేల గదుల కార్ఖానాలో దీపాలన్నీ వెలుగుతుండగా ఎవరి పని వాళ్లు చూసుకుంటున్నట్టు. ఫలితం ఏదైనా దాని పని అది చేస్తూనే ఉంది. అతను దాని ముందు చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని నిలబడ్డాడు, పడుకునే నిలబడ్డాడు. నీ సంగతి తెలియక సంచీ అనుకున్నాను, అని మనసులోనే అన్నాడు. "అయిపోయింది సార్" అంది ఆ అమ్మాయి.

డాక్టరు గదిలో భార్య కుర్చీ అంచున కూర్చుంది, గుప్పిట ఇంకా మూసే ఉంది. అతను కళ్లజోడు పెట్టుకుని, తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. డాక్టరు తెర మీద బొమ్మలు పైకీ కిందికీ జరిపింది, ఒకచోట ఆగింది, అంకె మీద గీత పెట్టింది, అదే అంకెను ఇంకోచోట చూసుకుంది.

"ఆరు" అంది.

"ఆరంటే..." అంది భార్య.

"ఆరంటే ఆరేనమ్మా. చాలా బావుంది. మిగతా పరీక్షలన్నీ ముందే సరిపోయాయి. వచ్చే వారం పెట్టుకుందాం." ఆ తర్వాత, ఏ రోగికీ ఇవ్వనంత సమయం ఇచ్చి, ఆవిడ తెరను అతనివైపు తిప్పింది. "చూస్తారా? ఇదే మీది."

బూడిదరంగు. అంచులు నున్నగా, ఒకవైపు బరువుగా ఒరిగి, లోపల కొమ్మల్లా విడిపోతున్న సన్నటి నరాలు. పొద్దున్నే మబ్బులో కనిపించే కొండలా ఉంది. అతను లేచి నిలబడ్డాడు.

"ఎక్కడికి?" అంది డాక్టరు.

"ఎక్కడికీ లేదండి" అన్నాడు. కూర్చుని చూడబుద్ధి కాలేదని ఎలా చెప్పడం? పెద్దవాళ్లెవరో గదిలోకి వచ్చినట్టు అనిపించిందని ఎలా చెప్పడం?

వార్డులో అక్క మెలకువగానే ఉంది. బావ పక్కన నిలబడి దిండు సర్దుతున్నాడు, అతని మొహం చూసి దిండు అలాగే పట్టుకుని ఆగిపోయాడు. అతను మంచం దగ్గరికి వెళ్లి, "అక్కా, ఆరు" అన్నాడు. ఆమె పచ్చటి కళ్లు అతని మొహం మీంచి మెడ మీదికి, వదులైన చొక్కా మీదికి, పాదాల దాకా దిగి మళ్లీ పైకి వచ్చాయి.

"నువ్వు చెయ్యలేవనేరా ఒప్పుకున్నాను" అంది చివరికి. "నీ సంగతి నాకు తెలీదా? నీ చేత కాదు, గొడవ వదిలిపోతుంది, నిన్ను కొయ్యక్కర్లేదు అనుకున్నా."

"తెలుసు" అన్నాడు. తెలియదు, ఆ క్షణంలోనే తెలిసింది.

"ఎలా చేశావురా?"

చెప్పడానికి నోరు తెరిచాడు. పైపు గురించి, తాళ్ల గురించి, మాటల గురించి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. తల అడ్డంగా ఊపాడు. అక్క దుప్పటి కింద నుంచి సన్నబడ్డ చెయ్యి బయటికి తీసి, తడుముతూ తడుముతూ అతని చొక్కా మీద కుడి పక్కటెముకల కింద ఆనించింది, నిద్రపోతున్న పసిబిడ్డ మీద వేసినట్టు, బరువు పడకుండా.

"ఇక్కడేనా?"

"ఇక్కడే."

ఆమె చెయ్యి తీయలేదు. అతను ఊపిరి పీల్చినప్పుడు ఆ చెయ్యి లేచింది, వదిలినప్పుడు దిగింది. వినడానికన్నట్టు అక్క కళ్లు మూసుకుంది. బావ దిండు గుండెకు పొదువుకుని నిలబడ్డాడు.